ఎన్ని ఆవులున్నాయని అడగకూడదు

మా బ్రానిగన్ కౌంటీలో మనిషిని ఏమైనా అడగొచ్చు. మోకాలి ఆపరేషను ఎలా జరిగింది, పెళ్ళాం ఎందుకు వదిలేసి పోయింది, కొడుకు జైలు నుంచి ఎప్పుడొస్తాడు, ఏది అడిగినా జవాబు చెప్తారు, పైగా కూర్చోబెట్టి కాఫీ కూడా పోస్తారు. ఎన్ని ఆవులున్నాయని మాత్రం అడగకూడదు. బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే అది. అలా అడిగినవాడు కొత్తవాడైనా అయ్యుండాలి, పన్నులవాడైనా అయ్యుండాలి. అందుకే మావాళ్ళకి "కొన్ని" అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. నాలుగొందలున్నా కొన్నే, నలభై ఉన్నా కొన్నే.

నేనూ అక్కడ పుట్టినదాన్నే. మా నాన్నకి దాణా కొట్టు ఉండేది. ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్తున్నారో చూస్తే ఎవరికెన్ని ఆవులో ఆయనకి ఇట్టే తెలిసిపోయేది. అయినా చచ్చేదాకా ఒక్కరి లెక్క ఇంకొకరికి చెప్పలేదు, చివరికి మా అమ్మకి కూడా. అలాంటి మనిషి కూతుర్ని నేను, నోలా రిడెల్‌ని, పొయ్యి పొయ్యి ఇళ్ళ ఆదాయాలు లెక్కగట్టే ఉద్యోగంలో చేరాను. నెబ్రాస్కా రాజధానిలో అంచనాల విభాగం మాది. ఏటా ప్రతి కౌంటీకి ఒక నంబరు తేలుస్తాం: ఆ కౌంటీలో మధ్యింటి ఆదాయం ఎంత అని.

మధ్యిల్లు అన్నది నా మాటే. పుస్తకాల్లో మధ్యగతం అని రాస్తారు. కౌంటీలో ఉన్న ఇళ్ళన్నిటినీ తక్కువ సంపాదన నుంచి ఎక్కువ సంపాదనకి వరసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలబడ్డ ఇల్లన్నమాట. ఒక కోటీశ్వరుడు ఊళ్ళోకొచ్చి దిగినా ఆ నంబరు ఉలకదు పలకదు. మధ్యనున్న మామూలు మనిషి బతుకు మారితేనే అది కదులుతుంది. అందుకే నాకా లెక్కంటే ఇష్టం.

పెద్ద పట్నాల్లో సర్వేవాళ్ళు వేల తలుపులు తడతారు కాబట్టి పని సులువు. బ్రానిగన్‌లో ఉన్నవే మూడొందల ఇళ్ళు, ఒక ఏడాదిలో సర్వే కాగితం చేరేది ఏ పదింటికో. పదిమంది మాట పట్టుకుని కౌంటీ మొత్తం ఇలా ఉందని ఎలా చెప్తాం? అందుకని పన్ను లెక్కల మొత్తాలు కలుపుతాం, గడిచిన ఏళ్ళ గీత చూస్తాం, ఇరుగుపొరుగు కౌంటీల వంక చూస్తాం. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టే ఉంటుంది గానీ, గోడ మాత్రం నిజంగానే ఉంటుంది.

ఆ డిసెంబరులో బ్రానిగన్ గీత తెర మీదకి రాగానే నా కాఫీ చల్లారిపోయింది. ఇరవై ఏళ్ళుగా నేలబారుగా పాకుతూ వచ్చిన గీత, చివరి ఏడాది దగ్గర ఒక్కసారిగా లేచి నిలబడింది. అది అంతకు ముందు ఏడాది లెక్క, కరువు ఏడాది! జూన్ నెలకే గుట్టల మీద గడ్డి బూడిదరంగుకి తిరిగింది. గాలిమరలు తిరుగుతున్నాయి గానీ తొట్టెల్లోకి నీళ్ళు రాలేదు. అలాంటి ఏడాది మావాళ్ళకి ఆదాయం పెరిగిందట.

నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మావాళ్ళు మేపలేక ఆవుల్ని అమ్ముకున్నారు. ఏటా అమ్మే దూడల్ని కాదు, తల్లుల్ని. దూడని అమ్మితే పంట అమ్మినట్టు, తల్లిని అమ్మితే పొలం అమ్మినట్టు. పన్ను కాగితానికి ఆ తేడా ఏం తెలుసు? దానికి రెండూ చేతికొచ్చిన డబ్బే. ఒక్కరిద్దరు అమ్ముకుని ఉంటే మధ్యిల్లు కదిలేది కాదు, సగం కౌంటీ ఒకే వేసవిలో సంతకి తోలింది. దాంతో మధ్యిల్లే పైకి లేచింది.

కాగితం పట్టుకుని నేరుగా మా పైఅధికారి కర్టిస్ మేబ్రీ గదిలోకి వెళ్ళాను.

"ఈ నంబరు తప్పు," అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మీ ఊరు కదూ?"

"మా ఊరైతే ఏం, తప్పు ఒప్పయిపోతుందా?"

"కోప్పడకు, నోలా. తొంభై పైచిలుకు కౌంటీలున్నాయి మనకి. అన్నిటికీ ఒకటే పద్ధతి. ఒక్కదానికి నా చేత్తో నేను నంబరు దించానంటే, రేపు మిగతా కౌంటీలన్నీ ఈ గుమ్మం ముందు క్యూ కడతాయి."

"మీరు దించొద్దు. వాళ్ళు అమ్ముకున్నది వాళ్ళ బతుకుతెరువు. ఇల్లు తగలబెట్టుకుని చలి కాచుకున్నవాణ్ణి చూసి, వీడికి ఈ ఏడు బాగా వెచ్చగా ఉందని రాస్తామా?"

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు. "బాగుంది. కానీ సామెతలు కమిటీ ముందు పెట్టలేను. నియమం ఉంది, చూడు. కౌంటీలో మూడోవంతు ఇళ్ళవాళ్ళు సంతకం చేసి అభ్యంతరం చెప్తే, ఆ ఏడాదిని పక్క ఏళ్ళతో కలిపి మళ్ళీ లెక్కగడతారు. ప్రతి ఇల్లూ రెండు సంగతులు రాయాలి. తల్లి ఆవుల్ని ఎన్ని అమ్మారు, ఎన్ని మిగిలాయి. అంతే. మార్చి మొదటి తారీఖు లోపల తెచ్చెయ్."

"ఎన్ని ఆవులున్నాయో అడగాలా? బ్రానిగన్‌లో?"

"ఏం, అందులో ఏముంది?"

పట్నంలో పుట్టినవాడు, ఆయన తప్పేం లేదు.

ఇంతా చేసి ఒక నంబరు పెరిగితే ఏం కొంప మునిగిందంటారేమో. మునిగేది క్లినిక్. బ్రానిగన్‌లో ఉన్న ఒకే ఒక్క క్లినిక్ రాష్ట్రం ఇచ్చే సాయంతో నడుస్తోంది. మధ్యింటి ఆదాయం రాష్ట్రం మొత్తానిదాన్లో ముప్పావు వంతుకి తక్కువున్న కౌంటీలకే ఆ సాయం. కొత్త నంబరు ఆ గీత దాటేసింది. అది అలాగే ఖాయమైతే ఎండాకాలానికి క్లినిక్‌లో ఉన్న రెండు డయాలసిస్ కుర్చీలూ మూసేస్తారు. ఆ రెండు కుర్చీల్లో ఒకదాంట్లో వారానికి మూడుసార్లు కూర్చునేది ఆర్డిత్ స్పారిక్. చిన్నప్పుడు నాకు చర్చివాళ్ళ ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన మనిషి. కుర్చీ పోతే ఆవిడ నార్త్ ప్లాట్ పట్నానికి వెళ్ళాలి, పోను నూట ముప్పై మైళ్ళు, రాను నూట ముప్పై. మంచు పడిందంటే రోడ్డే ఉండదు. ఆవిడ వయసుకి, ఆవిడ గుండెకి అది ప్రయాణం కాదు, శిక్ష. కుర్చీలు మూసేస్తే ఇంకో చలికాలం చూడదని నర్సు మార్సీ నాతో ఫోన్లో తేల్చి చెప్పేసింది.

నేను సెలవు పెట్టి కారెక్కాను. తాడో పేడో తేలాలి.

ఫిబ్రవరిలో వెళ్ళానంటే నా అదృష్టం ఎలాంటిదో చూడండి. ఆవులు ఈనే కాలం. మందలో మిగిలిన నాలుగు ఆవుల కోసం మావాళ్ళు పగలూ రాత్రీ కొట్టాల్లోనే ఉంటారు, ఎవరికీ నిద్ర ఉండదు, అందరికీ చిరాకే. అయినా ప్రతి ఇంటి తలుపూ తట్టాను. అందరూ రమ్మన్నారు. రూబార్బ్ కాడలతో చేసిన తీపి వంటకం పెట్టారు, మా నాన్నని తలుచుకున్నారు, క్లినిక్ పోకూడదని ఘాటుగా అన్నారు. కాగితం బయటికి తియ్యగానే మాత్రం అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది. ఒకాయన ఆవు ఈనుతోందని పరిగెత్తాడు. ఆయన కొట్టం ఖాళీ అని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

సంత పక్కన కాఫీ హోటల్లో డ్వైట్ కోనెట్ నన్ను పట్టుకున్నాడు. నలుగురిలో మాట విసరడంలో అతన్ని మించినవాడు లేడు.

"ఏమ్మా నోలా, మా గుట్టంతా మూట కట్టుకుని రాజధానికి తీసుకెళ్తావా? ముందు నీ జీతం ఎంతో చెప్పు చూద్దాం!"

అందరూ నవ్వారు. నేను చెప్పాను. డాలర్లూ సెంట్లతో సహా, కోత ఎంతో చేతికొచ్చేదెంతో, అన్నీ చెప్పాను.

 వడ్డించే అమ్మాయి కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది. డ్వైట్ మొహం కందగడ్డ అయింది. "అయ్యయ్యో, నేను ఊరికే అన్నానమ్మా! అలా చెప్పేస్తారా ఎవరైనా?"

"చెప్పాను కదా. ఇప్పుడు మీ వంతు. ఎన్ని అమ్మారు, ఎన్ని మిగిలాయి?"

అతను టోపీ తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "కొన్ని," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ పరువు వీళ్ళని ముంచుతోంది, అది చాలక పక్కింటావిణ్ణి కూడా ముంచుతోంది. ఇంటి గుట్టు లంకకి చేటంటారు. ఇక్కడ గుట్టు విప్పకపోవడమే చేటు. వారం తిరిగేసరికి నా చేతికొచ్చినవి పట్టుమని పాతిక కాగితాలు. అవీ బడి పంతుళ్ళవి, పోస్టాఫీసు ఆవిడవి, చర్చి పాస్టరుగారిది. ఆవులు లేనివాళ్ళందరూ మహా ధైర్యంగా సంతకాలు పెట్టారు.

చివరికి ఎల్డన్ స్పారిక్ ఇంటికి వెళ్ళాను. ఆర్డిత్ భర్త. మాటంటే మాటే, మాటకి మించి ఒక్క అక్షరం దొరకదు ఆయన దగ్గర. కౌంటీలో పెద్దమనిషి అని ఎవరూ పేరు పెట్టలేదు గానీ, ఆయన ఒక పని చేస్తే నలుగురూ చేస్తారు. ఆయన సంతకం పెడితే నా పని సగం అయినట్టే. అదీగాక ఆ కుర్చీ ఆయన భార్యది. అందుకే ఆ ఇంటికి చివర్లో వెళ్ళాను, అక్కడ కాదనరని.

ఆర్డిత్ కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"రావే పిల్లా. చిక్కిపోయావు. రాజధానిలో తిండి పెట్టరా?"

"పెడతారండీ, మీ దాల్చినచెక్క రొట్టెలు మాత్రం పెట్టరు."

"అవి చెయ్యడానికి నాకు ఓపికెక్కడిది? ఎల్డన్‌కి నేర్పుతున్నాను. ఇటుకల్లా చేస్తున్నాడు." భర్త వంక చూసి నవ్వింది. "పాపం, తీరికే కదా ఇప్పుడు. ఆవుల్ని తూర్పున ఎవరికో దూడల్లో వాటాకి మేపడానికిచ్చాడు, గడ్డి తిరిగొచ్చేదాకా. నా తెల్లమొహంవాటిని కూడా పంపేశాడు. ఇల్లు బోసిపోయింది."

తెల్లమొహం ఎర్రావులంటే ఆర్డిత్‌కి ప్రాణం. వాళ్ళ నాన్న పోతూ పోతూ ఆవిడ చేతిలో పెట్టిన మంద అది. మా దగ్గర ఆవుకి చెవిపోగు మీది నంబరే పేరు. ఆర్డిత్ మాత్రం ఒక్కోదానికీ పేరు పెట్టుకుంది. పెన్నీ, డచెస్, ఆలివ్ అంటూ చెప్పుకుపోతుంటే, ఒంట్లో బాగోలేదని ఎవరూ అనుకోరు.

"వచ్చే వేసవికి వస్తాయి," అన్నాడు ఎల్డన్. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"డచెస్ ఈ ఏడు కవలల్ని వేస్తుంది, చూడు. వాళ్ళ అమ్మా అంతే."

"వేస్తుంది."

నేను కాగితం తియ్యబోయాను. ఎల్డన్ లేచి, "కారు దాకా వస్తాను పద," అన్నాడు.

బయట గాలి కోసేస్తోంది. ఆయన నా కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆ కాగితం నాకు చూపించకు, నోలా."

"ఎల్డన్ గారూ, ఆ కుర్చీ పోతుందండీ. ఆవిడ కోసమే..."

"అన్నీ అమ్మేశాను," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఒక్కటి మిగల్లేదు. వాటాకి ఇవ్వలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ముందటేడు ఆగస్టులో పక్క రాష్ట్రం సంతకి తోలాను, ఇక్కడైతే అందరికీ తెలుస్తుందని. ఆమె అప్పుడు ఆస్పత్రిలో ఉంది. తెల్లమొహంవి చివరి లారీలో ఎక్కించాను." ఆయన గొంతు మామూలుగానే ఉంది, చెయ్యి మాత్రం కారు తలుపుని వదల్లేదు. "ఊసుపోక కౌంటీ రోడ్లు చదునుచేసే బండి నడుపుతున్నానని చెప్పాను ఆమెకి. ఆ జీతంతోనే తింటున్నాం. ఆవులు వస్తాయనే ఆశ మీద ఆమె ఆ కుర్చీలో కూర్చుంటోంది. ఇప్పుడు నేను సున్నా అని రాసి సంతకం పెడితే ఊళ్ళో ఎంతసేపు దాగుతుంది?"

"చెప్పకపోతే కుర్చీ పోతుంది. చెప్తే..."

"చెప్తే ఆమె పోతుంది," అన్నాడు. "నువ్వు లెక్కలదానివి కదా. ఏది తక్కువో నువ్వే చెప్పు."

 ఎవరికీ చెప్పనని మాటిచ్చి కారెక్కాను. దారంతా ఏడ్చాను. మా నాన్న గుట్టు దాచినందుకు గర్వపడేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ దాచడం మీదే నాకు అసహ్యం వేసింది. కానీ పని ఆపితే ఆయన భయం గెలుస్తుంది, కుర్చీ ఓడిపోతుంది. అందుకే మార్సీకి ఫోన్ చేశాను. "అందరినీ ఒకచోటికి చేర్చు. ఇంటింటికీ తిరిగితే అందరూ తప్పించుకుంటారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ తప్పించుకోమను."

శనివారం సాయంత్రం బడి ఆటల హాల్లో భోజనాలు పెట్టింది మార్సీ. చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కారప్పులుసు, దాంతోపాటు దాల్చినచెక్క రొట్టెలు. ఆ రెండూ కలిపి తినడం చూసి బయటివాళ్ళు నవ్వుతారు, మాకు బళ్ళో నేర్పిన అలవాటది. రెండొందలమంది వచ్చారు. ఎల్డన్ ఆర్డిత్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. రావద్దంటే వినలేదట. "నా కుర్చీ గురించి మీటింగు పెట్టి నన్ను రావద్దంటావా?" అందట.

నేను మాటలతో మొదలుపెట్టలేదు. పదకొండుమంది మగాళ్ళని ముందుకి పిలిచి పొట్టి నుంచి పొడుగు వరసలో నిలబెట్టాను. నడిమధ్యన పడ్డవాడు డ్వైట్.

"వీళ్ళు మన కౌంటీ," అన్నాను. "డ్వైట్ ఎత్తే మన నంబరు. ఇప్పుడు ఏడుగురు కుర్చీలెక్కండి."

ఎక్కారు. డ్వైట్ కూడా ఎక్కాడు. మళ్ళీ పొట్టి పొడుగు చూసి వరస మార్చాను. నడిమధ్యన ఇప్పుడున్నది కుర్చీ మీదున్న మనిషి.

"మన ఎత్తు పెరిగిందా, లేదా?"

"పెరిగింది! మా ఆవిడ ఎప్పట్నుంచో కోరుకుంటోంది!" అని అరిచాడు డ్వైట్. హాలంతా నవ్వింది.

"రాజధానిలో కొలిచేవాళ్ళకి కుర్చీ కనపడదు, తలే కనపడుతుంది. మీరు కరువులో తల్లుల్ని అమ్ముకున్న డబ్బే ఆ కుర్చీ. ఈ ఏడాది ఎవరిదైనా కుర్చీ ఉందా ఇంకా? మళ్ళీ అమ్మడానికి ఆవులున్నాయా? లేవు. దిగండి. కానీ ఆ కొలత మాత్రం ఖాయమైపోతుంది. బ్రానిగన్‌వాళ్ళు పొడుగైపోయారు, వీళ్ళకి సాయం అక్కర్లేదని రాసేస్తారు. ఎన్ని కుర్చీలెక్కారో మీరు చెప్తే తప్ప దాన్ని తప్పని నిరూపించడం నా తరం కాదు."

ఏడుగురూ దిగారు. ఎవరూ నవ్వలేదు. అందరికీ అర్థమైంది. అర్థమైనా ఒక్కరు కదల్లేదు. బల్ల మీద కాగితాలు, పెన్నులు అలాగే ఉన్నాయి. ప్రతివాడూ పక్కవాడి బూట్ల వంక చూస్తున్నాడు.  ఇంకొక్క మాట మిగిలింది నా దగ్గర, అది ఎల్డన్ గుట్టు. దాన్ని వాడితే హాలు కదులుతుందని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. మాటిచ్చాను కాబట్టి మూసుకున్నాను గానీ, ఎంత కష్టమైందో నాకే తెలుసు.

"ఇంకెవరైనా ఏమైనా అంటారా?" అంది మార్సీ. 

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎల్డన్ లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మింది నాలుగొందల పది," అన్నాడు.  "మిగిలింది ఏం లేదు."

మా కౌంటీ పుట్టిన దగ్గర్నుంచీ అలాంటి మాట నలుగురిలో ఎవరూ అని ఉండరు.  ఆయన ఎవరి వంకా చూడ్డం లేదు, ఆర్డిత్ వంక అసలే చూడ్డం లేదు.

ఆవిడ మెల్లగా తల తిప్పి భర్త వంక చూసింది.

"తెల్లమొహంవి కూడానా?"

"అవి కూడా, ఆర్డీ."

"డచెస్?"

"చివరి లారీలో."

ఆవిడ చేతులు దుప్పటి అంచుని పట్టుకున్నాయి. మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. మార్సీ లేవబోతే చేత్తో ఆపేసింది.

"ఏణ్ణర్ధం," అంది. "ఏణ్ణర్ధం పాటు అవి ఎక్కడో గడ్డి తింటున్నాయని నాకు కథలు చెప్పావు. కవలలన్నావు. నేను నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నావు. సిగ్గు లేదూ నీకు?"

"లేదు," అన్నాడు ఎల్డన్. "నువ్వు బతికుండాలి, అంతే."

అంతమందిలో మొగుడూ పెళ్ళాల మాట వింటున్నామని అందరికీ ఇబ్బందిగా ఉంది, అయినా ఎవరూ కళ్ళు తిప్పుకోలేకపోయాం.  ఆర్డిత్ నా వైపు తిరిగింది. ఆదివారం బడిలో అల్లరి చేస్తే వచ్చే గొంతు అది.

"ఏం చూస్తున్నావే? ఆ కాగితం ఇటు తే. ఆ మందలో సగం మా నాన్నది. ఎల్డన్ ఒక్కడి సంతకం చెల్లదు."

కాగితం తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను. పెన్ను పట్టుకోవడానికి వేళ్ళు సహకరించలేదు. ఎల్డన్ వచ్చి కాగితం జారకుండా పట్టుకున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి తోసెయ్యలేదు, ఆయన వంక చూడనూ లేదు. మిగిలినవి అన్నచోట పెద్ద సున్నా చుట్టి, పేరు పూర్తిగా రాసింది.

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "నూట అరవై అమ్మాను," అన్నాడు గట్టిగా. "ముప్పై మూడున్నాయి. అందులో రెండు గొడ్డువి." ఆ వెనక ఇంకొకడు లేచాడు, ఇంకొకడు. బల్ల దగ్గర వరస కట్టారు. చెప్పడం మొదలయ్యాక ఆగరే! నలభై ఏళ్ళు పక్కపక్క పొలాల్లో బతికినవాళ్ళు ఒకరి లెక్క ఒకరు విని, "నీకూ అంతేనా?" అనుకుంటున్నారు. అందరూ పక్కవాడు గట్టెక్కాడనే అనుకున్నారు. ఆ హాలు ఖాళీ అయ్యేసరికి నా దగ్గర కావలసినదానికంటే ఎక్కువ కాగితాలే పోగయ్యాయి.

తారీఖు దాటకుండా కర్టిస్ బల్ల మీద పెట్టాను. ఆయన అన్నీ తిరగేసి, "నాకు తెలియనే తెలియదు," అని ఒక్క మాటే అన్నాడు. కమిటీలో మాత్రం నా కంటే గట్టిగా వాదించాడు. కరువు ఏడాదిని పక్క ఏళ్ళతో కలిపి మళ్ళీ లెక్కగట్టారు. బ్రానిగన్ నంబరు గీత కిందకి దిగింది. ఆ ఏడాది తల్లి ఆవుల్ని అమ్ముకున్న మిగతా పశువుల కౌంటీలకి కూడా అదే పద్ధతి పెట్టారు. గీత ఇప్పుడు మళ్ళీ నేలబారుగా ఉంది, అక్షరాలా నిజంగా ఉంది. క్లినిక్ నిలబడింది.

ఆ మాట చెప్దామని ఏప్రిల్‌లో వెళ్ళాను. ఆర్డిత్ కుర్చీలో పడుకుని ఉంది, యంత్రం తిరుగుతోంది. పక్కన స్టూలు మీద ఎల్డన్. నన్ను చూసి ఆవిడ వేలు పెదవుల మీద పెట్టింది, మాట్లాడొద్దని. మార్సీ నా చెవిలో చెప్పింది. మీటింగు అయిన దగ్గర్నుంచీ ఆవిడ ఎల్డన్‌తో సరిగ్గా మాట్లాడలేదట. ఒక్క పని మాత్రం పెట్టిందట. కుర్చీలో కూర్చున్నంతసేపూ తన ఆవుల్లో ఒక్కోదాని గురించీ చెప్పాలి. లారీ ఎలా ఎక్కింది, ఎవరు కొన్నారు, వెనక్కి తిరిగి చూసిందా లేదా. ఏదీ దాచకూడదు, అందంగా చెప్పకూడదు.

"ఆలివ్ ఎక్కనంది," అంటున్నాడు ఎల్డన్, నేల వంక చూస్తూ. "ముందుకాళ్ళు బిగబట్టింది. నేను తోశాను."

"నువ్వే తోశావా?"

"నేనే తోశాను."

ఆర్డిత్ కళ్ళు మూసుకుంది. కొంచెంసేపటికి, గొట్టాలు లేని చేతిని ఆయన వైపు చాపింది. ఆయన పట్టుకున్నాడు.

"ఊఁ, తర్వాత?" అంది.